మింగేశానమ్మా!

మదనపల్లె బస్టాండులో బస్సెక్కగానే మొదలవుతుంది, "అమ్మా, చూయింగ్ గమ్!" అని. దారిలో కడుపులో తిప్పకుండా ఉంటుందిలే అని మీరూ కొనిస్తారు. పుంగనూరు వచ్చేసరికి తీపి అయిపోయి, ఇంకోటి కావాలంటాడు. పలమనేరు దాటి కుప్పంలో దిగేసరికి నోట్లో ఏమీ ఉండదు. "ఏదిరా?" అంటే, "మింగేశానమ్మా!" అంటాడు. ఇక మీకు గుండె దడ! పేగులకు అతుక్కుపోతుందని, ఏడేళ్లు కడుపులోనే ఉంటుందని ఎవరెవరో చెప్పిన మాటలన్నీ అప్పుడే గుర్తొస్తాయి.

కంగారు పడకండి. గమ్‌లోని చక్కెర కరిగిపోతుంది. బంక అరగదన్న మాట నిజమే గానీ, అది కడుపులో ఉండిపోదు. కొద్ది రోజుల్లో మలంతోపాటు బయటికి వచ్చేస్తుంది. రోజూ మింగే అలవాటున్న పిల్లల్లో మాత్రం ముద్దకట్టి పేగుకు అడ్డుపడిన సందర్భాలు అరుదుగా ఉన్నాయి. కడుపునొప్పి, వాంతులు, మలబద్ధకం కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. అసలు భయం గొంతుకు అడ్డుపడడం గురించి. అందుకే ఐదేళ్లలోపు పిల్లలకు ఇవ్వకపోవడమే మంచిది.

లాభాలు ఉన్నాయా?

నమలడం మనకు కొత్తేమీ కాదు. పల్లెల్లో పిల్లలు తుమ్మబంక నమిలేవారు. మెక్సికోలో సపోటా చెట్టు పాలతో చేసిన బంకే ఈ గమ్‌కు మూలం. ఇప్పుడు ఎక్కువగా కృత్రిమ బంకే వాడుతున్నారు.

భోజనం చేశాక చక్కెర లేని గమ్ 20 నిమిషాలు నమిలితే లాలాజలం బాగా ఊరుతుంది. పళ్లను పుచ్చిపోయేలా చేసే ఆమ్లం తగ్గుతుంది. అలాగని బ్రష్ మానేస్తే కుదరదు! సిజేరియన్ అయినవారికి గమ్ నమిలితే పేగుల కదలిక త్వరగా మొదలవుతుందని పరిశోధనల్లో తేలింది. అయితే డాక్టరు చెబితేనే సుమా.

నష్టాలూ ఉన్నాయి

చక్కెర ఉన్న గమ్‌ను దారి పొడవునా నమిలితే పళ్లకు తీపి స్నానం చేయించినట్లే. గంటల తరబడి నమిలితే దవడ నొప్పి, తలనొప్పి రావచ్చు. గాలి మింగడం వల్ల కడుపు ఉబ్బరిస్తుంది. చక్కెర లేని రకాల్లో వాడే సార్బిటాల్ ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి.

అవ్వ సంగతేమిటి?

మనవడి గమ్ చూసి బెంగపడే మనం, అవ్వ బుగ్గన పెట్టుకున్న ఆకూవక్కా పొగాకును పట్టించుకోం. పొగాకే కాదు, ఒట్టి వక్క కూడా నోటి క్యాన్సర్‌కు కారణమవుతుంది. పొగాకు మానాలనుకునేవారికి నికోటిన్ గమ్ ఉంది. అది మిఠాయి కాదు, మందు. కాసేపు నమిలి బుగ్గన ఉంచుకోవాలి. డాక్టరును అడిగి వాడాలి, పిల్లలకు అందనివ్వకూడదు.

ఇవి గుర్తుంచుకోండి

• 'షుగర్ ఫ్రీ' అని ఉన్నదే కొనండి.
• పరుగెత్తేటప్పుడు, పడుకునేటప్పుడు నోట్లో ఉండనివ్వకండి.
• జుట్టుకు అంటుకుంటే కత్తెర తీయకండి. కొబ్బరినూనె రాసి మెల్లగా లాగండి.
• బట్టకు అంటుకుంటే ఐసుముక్క రుద్ది గట్టిపడ్డాక గీకేయండి.

తిరుగు బస్సెక్కేటప్పుడు ఒక్కటే కొనివ్వండి. నమిలాక కాగితంలో చుట్టి పారేయడం కూడా నేర్పండి. లేకపోతే తర్వాత ఆ సీట్లో కూర్చునేది మన చీరే కావచ్చు!