పంట నష్ట సహాయము – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

కుందూనదికి ఇరుప్రక్కల నున్న నల్లరేగడి భూములు నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములకు జీవనాధారములు. కర్నూలు–కడప కాలువ క్రింద ఇచ్చట పండు వరికి మంచి పేరున్నది. అయితే తూర్పున నల్లమల కొండలలో కుంభవృష్టి కురిసినచో వాగులు, వంకలు పొంగి కొలది కాలములోనే చేలను ముంచివేయును. 2019 సెప్టెంబరులో అట్లే జరిగినది. కుందూ పొంగి పైరులు నీట మునిగినవి. మహానంది క్షేత్రములోనికి సైతము నీరు ప్రవేశించినది. అప్పుడు కర్నూలు జిల్లాలో నున్న ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లాగా ఏర్పడినది. పాలనా కేంద్రము దగ్గరైనది గాని వరద భయము తొలగిపోలేదు. కావున ప్రభుత్వ సహాయము ఏ రీతిగా అందునో ప్రతి పంచాయతీ సభ్యుడును తెలిసికొనుట అవసరము.

సహాయ మెంత?

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము ననుసరించి ప్రతి రాష్ట్రములోను విపత్తు ప్రతిస్పందన నిధి యొకటి కలదు. మన రాష్ట్రమున ఈ నిధికి కేంద్రము నూటికి 75 వంతులు, రాష్ట్రము 25 వంతులు సమకూర్చును. పంట నూటికి 33 వంతులు గాని, అంతకు మించి గాని నష్టపోయిననే సహాయము లభించును. 2015కు పూర్వము ఈ పరిమితి 50 వంతులుగా నుండెడిది. 2022–26 సంవత్సరములకు కేంద్రము నిర్ణయించిన రేట్లు హెక్టారునకు మెట్ట పంటలకు రూ. 8,500, నీటి వసతి గల పంటలకు రూ. 17,000, బహువార్షిక పంటలకు రూ. 22,500. ఒక రైతునకు రెండు హెక్టార్లకు, అనగా సుమారు 5 ఎకరములకు, మించి ఈయరు. కావున కాలువ క్రింద 7 ఎకరముల వరి పూర్తిగా పోయిన రైతునకు ఈ లెక్క ప్రకారము లభించునది రూ. 34,000. రాష్ట్ర ప్రభుత్వము తన నిధుల నుండి దీనికి మించి ఈయవచ్చును.

ఇది పోయిన పంట ఖరీదు కాదు. రైతు మరల విత్తుటకు చేయూత మాత్రమే. అందుచేతనే దీనిని పెట్టుబడి రాయితీ యందురు. పంటల బీమా వేరు, ఇది వేరు.

లెక్క ఎట్లు వేయుదురు?

వ్యవసాయ, రెవిన్యూ సిబ్బంది చేలకు వెళ్ళి నష్టమును అంచనా వేయుదురు. ఆ వివరములను ఈ-పంట నమోదుతో సరిచూచి, జాబితాను రైతుల పరిశీలనకై గ్రామములో ప్రకటింతురు. ఆక్షేపణలను విచారించిన పిమ్మట సొమ్ము నేరుగా రైతు బ్యాంకు ఖాతాలో జమ యగును. ఈ-పంటలో పేరు లేనిచో చేను కన్నుల యెదుట మునిగినను సహాయము పొందుట దుర్లభము.

కౌలుదారుల మాట

ఎక్కువగా చిక్కు వచ్చునది ఇక్కడనే. భూమి యజమాని పట్టణములో నుండును. విత్తనము, ఎరువు, కూలి భరించినవాడు కౌలుదారు. నోటిమాట కౌలుతో 4 ఎకరముల వరి వేసినవాని పేరు నమోదు కానిచో సుమారు రూ. 27,500 సహాయము అతనికి దక్కదు. అప్పు మాత్రము అతని మీదనే నిలుచును. 2019లో చేయబడిన పంట సాగుదారు హక్కుల చట్టము ప్రకారము 11 నెలల కాలమునకు సాగుదారు హక్కు పత్రము లభించును. దీనికి యజమాని సమ్మతి కావలెను. పత్రము ఇచ్చినచో భూమి చేజారునని యజమానులు జంకుచుందురు. ఆ భయము నిరాధారము. ఆ పత్రము పంటపై హక్కును మాత్రమే కల్పించును. భూమిపై ఎట్టి హక్కును కల్పింపదు.

సభ్యులు చేయవలసినది

సభ్యులు విత్తనములు పడిన వెంటనే తమ వార్డులోని సాగుదారుల పేర్లన్నియు ఈ-పంటలో చేరినవో లేదో విచారింపవలెను. యజమానులకు నచ్చజెప్పి కౌలుదారులకు పత్రము లిప్పింపవలెను. అంచనా సిబ్బంది వచ్చిన దినమున వెంటనుండి, వాగు గట్టున నున్న మారుమూల చేలను సైతము చూపవలెను. జాబితా ప్రకటించిన నాడు దానిని పదిమంది ముందు చదివి వినిపించి, పేరు తప్పినవారిచే గడువు లోపల అర్జీ పెట్టింపవలెను. చేను లేనివాని పేరు చేరినచో దానిని కూడ నిర్మొగమాటముగా తెలుపవలెను.

వరదను ఆపుట పంచాయతీకి సాధ్యము కాకపోవచ్చును. వచ్చిన సహాయము, చేను దున్నిన చేతికే చేరునట్లు చూచుట మాత్రము దానికి సాధ్యమే.