నృత్యశిక్షణలో తొలి సంవత్సరము

విజయదశమినాడు పిల్లలను గురువునొద్ద చేర్చుట మనవారి ఆచారము. నృత్యపాఠశాలలో చేర్చిన తల్లిదండ్రులు మూడు మాసములు తిరుగకమునుపే అడుగు ప్రశ్న యొకటి కలదు: ‘మా అమ్మాయి రంగమెక్కుట యెప్పుడు?’ దీనికి బదులు చెప్పుటకు ముందు, ఆ మూడు మాసములలో పిల్ల యేమి నేర్చుచున్నదో తెలిసికొనుట మేలు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములకు నాట్యము క్రొత్త కాదు. జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన సోమనాథకవి తన ‘పండితారాధ్య చరిత్ర’లో శ్రీశైల శివరాత్రి వేడుకలను, అందలి నృత్యములను వర్ణించెను. మహబూబాబాదు చెంత కురవి వీరభద్రుని సన్నిధిని శివరాత్రి జాతర నేటికిని జరుగుచున్నది. కాకతి గణపతిదేవుని గజసేనాధిపతియైన జాయపసేనాని 1253-54 ప్రాంతమున ‘నృత్తరత్నావళి’ని సంస్కృతమున రచించి, ఎనిమిది అధ్యాయములలో నాల్గింటిని మార్గమునకు, నాల్గింటిని దేశికి కేటాయించెను. భూపాలపల్లికి పొరుగుననున్న పాలంపేట రామప్పగుడిలో ఆ నాట్యభంగిమలు నేటికిని రాతిలో నిలిచియున్నవి. ఈ గ్రంథమును, ఈ శిల్పములను కలిపి చదివి నటరాజ రామకృష్ణగారు (1923-2011) పేరిణి శివతాండవమును పునరుద్ధరించి, 1985 శివరాత్రినాడు రామప్ప సన్నిధినే ప్రదర్శింపజేసిరి. అది పురుషుల వీరనృత్యము. నాట్యము ఆడపిల్లల విద్య యని కుమారులను పంపుటకు సంకోచించువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

కూచిపూడి యైనను పేరిణి యైనను తొలిపాఠము నిలుచుటయే. మడమలు దగ్గరగా నుంచి, పాదములను ప్రక్కలకు త్రిప్పి, మోకాళ్ళు వంచి, వెన్ను నిటారుగా నిలుపవలెను. దీనినే అరమండి యందురు. చూచుటకు సులువు; నిలుచున్న పిల్లకే దాని కష్టము తెలియును. ఇందలి రహస్యము తుంటికీలులో నున్నది. కాలు అక్కడనుండి తిరుగవలెనే కాని, మోకాలినుండియో చీలమండనుండియో కాదు. పిల్లకు ఎదురుగా నిలిచి చూడుడు: మోకాలు పాదపు వ్రేళ్ళవైపే చూచుచున్నచో మంచిదే. పాదము ప్రక్కకు, మోకాలు ముందుకు చూచుచున్నచో శరీరభారము మోకాలిని మెలిపెట్టుచున్నదన్నమాట. అట్టి పిల్ల పాదములను తక్కువ త్రిప్పి నిలిచిన తప్పేమియు లేదు.

ఐరోపావారి బాలే నృత్యమునకును మూలము ఇదియే. ఫ్రాన్సు రాజు పదునాల్గవ లూయీ 1661లో నృత్యపరిషత్తును స్థాపించిన నాటినుండి పెరిగిన ఆ విద్యలో పాదముల నిలుకడలు ఐదు. అక్కడి పిల్లలు కొయ్యకడ్డీని పట్టుకొని మోకాళ్ళు వంచుటతోనే ప్రతిదినము పాఠము మొదలుపెట్టుదురు. భేదమెక్కడ ననగా, వారి కాలు నేలను విడిచి పైకి లేవజూచును; మన పాదము నేలను తట్టి పలికించును. వ్రేళ్ళ కొనలపై నిలుచు పాదరక్షలను, కొన్నియేండ్ల సాధన పిదప, సుమారు పదకొండు పన్నెండేండ్ల వయసు వచ్చువరకు మంచి గురువులు తొడుగనీయరు. లేత యెముకలపై అంత భారము తగదని వారి తలంపు.

మన పిల్లలకు ఆ పాదరక్షల బెడద లేదు గాని, నేల బెడద కలదు. బాలేశాలలో నేల కొంచెము ఒదుగునట్లు చెక్కతో పరచుదురు. మన యిండ్లలో షాబాదు బండలు, సిమెంటు. వానిపై వట్టి కాళ్ళతో గంటసేపు తట్టినచో ముంగాలి యెముక నొచ్చును. చెక్క నేల యున్న చోటు మేలు. అది లేనిచో సాధన కొద్దికొద్దిగా చేయించవలెను. పిక్కలు రెండు దినములు పట్టివేయుట సహజమే. కీలులో గాని, ఎముకపై వ్రేలితో నొక్కినచోట గాని నొప్పి నిలిచియున్నచో ఆట ఆపి వైద్యునకు చూపవలెను.

గురువును ఎన్నుకొనుటకు ముందు ఒక పాఠము కూర్చుండి చూడుడు. ఒక్కొక్క పిల్ల పాదమును ఆయన దిద్దుచున్నారా? చెక్కపై కర్రతో తాళము వేసి, పిల్లలచేత జతులు నోటితో చెప్పించుచున్నారా? బడి వార్షికోత్సవమునకు సినిమాపాట ఒప్పజెప్పించుట కూడ ఒక వేడుకయే. దానిని శిక్షణ యనజాలము.

అడుగులు మూడు కాలములలోను తడబాటు లేక వచ్చిన పిదప జతిస్వరము వంటి చిన్న అంశమును ఎత్తుకొందురు. దానికి కొందరికి ఏడాది, కొందరికి రెండేండ్లు పట్టును. గజ్జెపూజ అటుపిమ్మటి మాట.