ఆసనము క్రింది స్ప్రింగు

బరంపురములో భౌతికశాస్త్రము బోధించు నావంటివానికి, పాఠ్యగ్రంథము విసుగు పుట్టించిన దినములలో, వెనుక బెంచీల నుండి వచ్చు ప్రశ్నలే దిక్కు. స్ప్రింగుల డోలనములను గూర్చిన సూత్రమును నల్లబల్లపై వ్రాయుచుండగా, ఇచ్ఛాపురము నుండి మోటారుసైకిలుపై వచ్చిపోవు విద్యార్థి యొకడు లేచి, "మాస్టారూ, మా తాతగారి పాత బుల్లెట్టుకి ఇనప స్ప్రింగుల మీద తోలు సీటుందండీ. దాని మీద అస్కా దాకా వెళ్లొచ్చినా ఆయనకి నడుం నొప్పెట్టేది కాదట. నా కొత్త బండి సీటు వేలితో నొక్కితే దిగిపోయేంత మెత్తన. అయినా రంభ చేరేసరికి కూర్చోలేకపోతున్నాను. ఎంచేతండీ?" అని అడిగెను. తరగతి నవ్వినది. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఏలయన ఆ ప్రశ్నలో నూఱేండ్లకు పైబడిన యొక యంత్రాంగపు చరిత్ర ఇమిడియున్నది.

మోటారుసైకిలు పుట్టిననాడే ఆసనము దానికొక తగవుగా పుట్టినది. 1885లో జర్మనీ దేశమున డైమ్లరు కొయ్యచట్రములో ఇంజను నమర్చి నిర్మించిన వాహనముపై అతని కుమారుడు పాల్ సవారి వెడలగా, సరిగా ఆసనము క్రిందనే ఎఱ్ఱగా కాలుచున్న జ్వలననాళపు వేడికి ఆసనమే అంటుకొన్నదని చెప్పుదురు. ఆ పిమ్మట వచ్చిన బండ్లు సైకిలు జీనునే పెంచి పెద్దదిగా చేసికొన్నవి. ఆ జీనునకు మూలపురుషులలో నొకడు బర్మింగుహాములోని తోలువస్తువుల వ్యాపారి జాన్ బోల్ట్‌బీ బ్రూక్స్. గుఱ్ఱము చచ్చిపోగా ఎరవు సైకిలెక్కి, దాని పీట పెట్టిన బాధను సహింపలేక, మెఱుగైన జీను నొకదానిని కల్పించి 1882లో పేటెంటు కోరిన వాడు.

అసలు రసవత్తరమైన ఘట్టము అమెరికాలో నడచినది. 1912, 1913 సంవత్సరములలో రెండు కంపెనీలు ఈ సమస్యకు పరస్పరవిరుద్ధములైన రెండు సమాధానములు చెప్పినవి. మిల్వాకీలోని హార్లీ-డేవిడ్‌సన్ వారు చట్రమును బిగువుగానే ఉంచి, జీనును మోయు కడ్డీని చట్రపు గొట్టములోనికి దింపి, ఆ గొట్టములో పొడుగాటి స్ప్రింగును దాచిరి. బయటివానికి అచ్చట నేదియు కనబడదు, కూర్చున్నవానికి మాత్రము తెలియును. స్ప్రింగ్‌ఫీల్డులోని ఇండియన్ కంపెనీవారు (పేరు చూచి మోసపోరాదు, మనకును వారికిని ఏ చుట్టఱికమును లేదు) వెనుక చక్రమునే కమాను పట్టీలపై నిలిపిరి. బండి ఎగిరిన ఎగురనిండు, మనిషి ఎగురకున్న చాలునని మొదటివారి మతము. బండియే ఎగురకుండవలెను, మనిషి దానితోపాటే ఉండునని రెండవవారి మతము.

న్యాయముగా విచారించినచో రెండవ మతమే శాస్త్రసమ్మతము. స్ప్రింగు జీను క్రిందనున్నప్పుడు ఇంజను, చట్రము, టాంకు, వెనుక చక్రము సమస్తమును దానికి దిగువనే ఉండును గనుక, ఆ బరువంతయు ప్రతి గుంతకు నేరుగా దెబ్బతినుచు లేచిపడుచుండును. చక్రము నేలను విడిచినప్పుడెల్ల బ్రేకును, మలుపును, లాగుడును వ్యర్థమే. ఐనను అంగడి తీర్పు శాస్త్రము తీర్పును లక్ష్యపెట్టలేదు. ఇండియన్ వారు కొన్ని యేండ్లకు తామే బిగువు చట్రమునకు మరలిరి. హార్లీవారు తమ పెద్ద బండ్ల వెనుక చక్రమునకు స్ప్రింగులు తొడిగినది 1958లో! నలువదియైదు సంవత్సరములకు పైగా ఒక గొట్టములోని స్ప్రింగు ఒక సిద్ధాంతమును మోసినదన్నమాట.

అది అంతకాల మెట్లు నిలిచినది? ఇచ్చటనే నా విద్యార్థి ప్రశ్నకు సగము జవాబున్నది. మనిషి కూర్చుండగానే స్ప్రింగెంత క్రుంగినదో సెంటీమీటర్లలో కొలిచి, ఆ సంఖ్య యొక్క వర్గమూలముచే 5ను భాగించితిమా, ఆ మనిషి ఆ స్ప్రింగుపై సెకనుకు సుమారెన్ని మాఱులూగునో తేలును. మనిషి బరువును వేఱుగా తూచనక్కఱలేదు, స్ప్రింగు బిగువును వేఱుగా అడుగనక్కఱలేదు. రెండును ఆ క్రుంగులోనే కలిసియున్నవి. 1 సెంటీమీటరు క్రుంగిన ఆసనము సెకనుకు 5 మాఱులూగును. 4 క్రుంగినది రెండున్నర. 9 క్రుంగినది రెంటికన్న తక్కువ. ఇక కూర్చున్న మనుష్యుని వెన్నును, కడుపును సెకనుకు 4 మొదలు 8 వఱకు గల ఊపులయెడ అన్నిటికన్న ఎక్కువగా కదలాడుననుట శాస్త్రజ్ఞులు పలుమాఱులు కొలిచిన సంగతి. అనగా సెంటీమీటరు మాత్రమే క్రుంగు ఆసనము శరీరమును సరిగా దాని మర్మస్థానమునందే కొట్టుచున్నది.

మఱియొక మెలిక కలదు. స్ప్రింగు తన సహజసంఖ్యకు, అనగా సెకనుకు తాను ఊగు మాఱుల సంఖ్యకు, 1.4 రెట్లు దాటిన ఊపులను మాత్రమే తగ్గించును. అంతకు లోపలివానిని తగ్గింపదు సరికదా, పెంచును. వానలు వెలిసిన పిమ్మట రెండేసి మీటర్లకొక మిట్ట చొప్పున అలలు దేఱిన బాట నొకదానిని ఊహింపుడు. దానిపై గంటకు 36 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 10 మీటర్ల చొప్పున పోవువానికి సెకనుకు 5 దెబ్బలు తగులును. 4 సెంటీమీటర్లు క్రుంగు తాతగారి జీను మూడున్నర దాటిన ప్రతి ఊపును తగ్గింపగలదు గనుక, ఆ 5 దెబ్బలును ఆయనను చేరునప్పటికి మూడవవంతు మాత్రమే మిగులును. సెంటీమీటరు క్రుంగు ఆసనముపై కూర్చున్నవానికి అవే దెబ్బలు ఇనుమడించి తగులును. ఐతే తాతగారును 18 కిలోమీటర్ల వేగమునకు దిగినప్పుడు దెబ్బలు రెండున్నరయై, జీను సహజసంఖ్యతో సరిపోయి, అదుపుచేయు డాంపరు లేమిచే ఆయన ఎగిరెగిరి పడియే ఉందురు. ఆ సంగతి మనుమనితో చెప్పియుండరు.

తరువాతి చరిత్ర త్వరగా చెప్పవచ్చును. 1928లో విన్సెంట్, 1949లో రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్టు, 1950లో ఈకల పఱుపను పేరుగాంచిన నార్టన్ చట్రము, ఇట్లు ఒకరి వెనుక నొకరు వెనుక చక్రమునకు స్ప్రింగులు తొడిగిరి. 1955లో మద్రాసులో బుల్లెట్టుల కర్మాగారము వెలసిన పిమ్మట, పోలీసువారికిని సైన్యమునకును స్ప్రింగు జీనుగల ఒంటిసీటు బండ్లు చాలకాలము వచ్చుచుండెను. తక్కినవారికి ఇద్దరు కూర్చుండు పొడుగు సీటు వచ్చినది. నురుగుగా గిలకొట్టిన రబ్బరుపాలతో 1929లో డన్‌లప్ వారు చేసిన మెత్తయు, 1937లో ఆటో బేయర్ జర్మనీలో కనిపెట్టిన పాలీయురేథేను నుండి పుట్టిన స్పాంజియు తోలు స్థానము నాక్రమించినవి.

చక్రము తన స్ప్రింగును తాను మోయుచుండగా ఆసనమునకు మిగిలిన పని వేఱొకటి: బరువును పంచుట. కూర్చున్న మనిషి భారములో పెద్దపాలు పిఱుదులలోని రెండు ఎముకల కొనలపై నిలుచును. ఆ కొనల క్రింద ఒత్తిడి పాదరసపు కొలతలో సుమారు 30 మిల్లీమీటర్లు దాటినచో సన్నని రక్తనాళములు మూసికొనసాగును. తిమ్మిరియు, పిదప మంటయు అందుచేతనే.

దీనిని నాకు కన్నులకు కట్టినట్లు చూపినవాడు, ఇంట తెలుగును బజారున ఒడియాయు మాటలాడు బరంపురపు సీటు కవర్ల ముదుసలి పనివాడు. ఒక బండి సీటును బోర్లించి, స్క్రూడ్రైవరు మొనతో పిన్నులు ఒక్కొక్కటే పెఱికి రెగ్జిను వలిచి, లోని పసుపుపచ్చని స్పాంజిని నాయెదుట పెట్టెను. కొంచెము ఎడమున రెండు గుంటలు. వానిలో పిడికిలి నుంచి ఒత్తగా అడుగునున్న ప్లాస్టిక్కు రేకు టక్కున తగిలినది. మెత్తదనమంతయు ఎముకల క్రింద అణగిపోయి, మనిషి రేకుపైననే కూర్చున్నాడు. అటువంటి సీటు క్రుంగుట మానిన సీటు, తొడలు మోయవలసిన బరువును సయితము ఆ రెండు కొనలకే ఒప్పగించు సీటు. అతడా గుంటలున్నంత మేర కోసివైచి, గట్టి స్పాంజి దిమ్మె నతికి, దానిపై వ్రేలి మందమున మెత్తనిది పఱచి, మనిషి టాంకు మీదికి జాఱకుండ ముందుభాగమును కొంచెము లేపుచు, "పైన మెత్తగా ఉంటే బేరం కుదురుతుంది మాస్టారూ. కింద గట్టిగా ఉంటేనే మనిషి తిట్టకుండా ఉంటాడు" అనెను. రెగ్జినుకు బదులు ముతక గుడ్డ వేయుమని నేను కోరితిని. మొగలిపొదల మీదుగా వీచు మా గంజాం తీరపు గాలిలో చెమట యారదు, తడిసిన చర్మము రాపిడికి త్వరగా ఒరసికొనిపోవును.

ఈ బరువు పంచు పనిని గాలిచేత చేయించిన తెలివి అమెరికాలోని రాబర్ట్ గ్రేబ్ అను ఇంజనీరుది. చక్రపుకుర్చీలలో కదలక కూర్చుండువారికి పుండ్లు పడకుండుటకై 1970ల తొలినాళ్లలో అతడు చేసిన దిండులో చిన్నచిన్న రబ్బరు బుడగలు అనేకము నిలిచియుండి, అడుగున ఒకదానితోనొకటి కలిసియుండును. ఎముక ఒక బుడగను నొక్కినచో అందలి గాలి ప్రక్కవానిలోనికి తప్పుకొనును. ఒత్తిడి అన్నిట సమానమగును. పాస్కల్ నియమమే అది. మోటారుసైకిలు దూరసవారులకు నేడు అమ్ముడుపోవు గాలిదిండ్లు ఆ దిండు సంతానము. మనవారు కొందఱు సీటు కవరు క్రింద పాత సైకిలు ట్యూబును మడిచి పెట్టుటయు అదే ఊహ, అయితే నిండుగా గాలి కొట్టుటచే మనిషి ఒరిగి దొర్లును. గాలిని వదలుచు, ఎముకకును అడుగునకును నడుమ అరంగుళము మొదలు అంగుళము వఱకు సందు మిగులునంతటికి తేవలెను.

అట్లు గోపాలపురపు సముద్రతీరమున సరిచేసికొన్న దిండుతో సొరడ మీదుగా దారింగబాడి కొండలెక్కినచో, అచ్చట దాదాపు 900 మీటర్ల ఎత్తున వాతావరణపు ఒత్తిడి పదవవంతు తగ్గియుండును గనుక, లోపలి గాలి ఆ మేరకు వ్యాకోచించి దిండు ఉబ్బి బిగియును. ఘాటు దాటగానే బండి ఆపి మూతను అరక్షణము విప్పవలెను. దిగివచ్చునప్పుడు మరల నోటితో నాలుగు ఊదులు.