ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసే ఉద్యోగం

జుమా నమాజు ముగిసిన పిదప తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్నలు కాలంతోపాటు మారుతున్నాయి. ఒకప్పుడు "అబ్బాయి దుబాయి వెళ్తానంటున్నాడు, పంపమంటారా?" అని అడిగేవారు. ఇప్పుడు "మౌలానా సాబ్! మావాడికి రాయదుర్గంలో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు ఉద్యోగం వచ్చింది, చేరవచ్చా?" అని అడుగుతున్నారు. బ్యాంకు అనే మాట వినగానే హరామ్ అని తీర్పు చెప్పేవారు కొందరు. జీతం అంకె వినగానే మరేమీ అడగనివారు మరికొందరు. ఇద్దరూ అడగడం మరచిన ప్రశ్న ఒకటుంది: అబ్బాయి అక్కడ చేయబోయే పని ఏమిటి?

అసలు ఆ పని ఏమిటి?

సాధారణ బ్యాంకు ప్రజల వద్ద డిపాజిట్లు సేకరించి వడ్డీకి అప్పులిస్తుంది. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు ప్రధాన వృత్తి వేరు. ఒక కంపెనీకి మూలధనం కావలసినప్పుడు దాని వాటాలను మదుపరులకు అమ్మిపెట్టడం, ఒక కంపెనీ మరొకదానిని కొనేటప్పుడు విలువ కట్టి బేరం కుదర్చడం, ఇందుకు రుసుము తీసుకోవడం దాని పని. మన దేశ చట్టం వీరిని మర్చంట్ బ్యాంకర్లు అంటుంది. వీరు సెబీ వద్ద నమోదు కావాలి. సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్ వంటి కంపెనీల బేరాలు చూసే విభాగమే టెక్నాలజీ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్. 2018లో వాల్‌మార్ట్ సుమారు 1,600 కోట్ల డాలర్లతో ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా కొన్నది. అలాంటి ప్రతి బేరం వెనుక నెలల తరబడి లెక్కలు పరిశీలించే యువకులు ఉంటారు.

మన గడప ముందే జరిగిన పాఠం

ఈ వృత్తి విలువ తెలుసుకోవడానికి న్యూయార్క్ దాకా పోనక్కరలేదు. మన శేరిలింగంపల్లి మండలంలోని మాదాపూర్ చాలు. అక్కడి ఇన్ఫోసిటీ ప్రాంగణం నుండి నడిచిన సత్యం కంప్యూటర్స్ సంస్థ 2008 డిసెంబరు 16న యజమాని కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. మదుపరులు మండిపడటంతో గంటల వ్యవధిలోనే వెనక్కు తగ్గింది. ఆ తరువాత సంస్థకు ఒక దారి చూపమని డీఎస్‌పీ మెరిల్ లించ్ అనే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకును నియమించుకున్నది.

ఆ బ్యాంకు లెక్కలలోకి చేయి పెట్టి చూసింది. ఆడిటర్ల సంతకాలతో ఏళ్ల తరబడి వెలువడిన లెక్కలలో తీవ్రమైన అవకతవకలు కొద్ది రోజుల్లోనే దాని కంటబడ్డాయి. జనవరి మొదటి వారంలో ఒప్పందాన్ని రద్దు చేసుకొని, ఆ సంగతి స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలియజేసింది. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు లేఖ బయటికి వచ్చింది. పుస్తకాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఆయనే అంగీకరించారు.

సుమారు 50 వేల మంది ఉద్యోగుల జీవనం ప్రశ్నార్థకమైంది. కేంద్ర ప్రభుత్వం కొత్త బోర్డును నియమించింది. కొనుగోలుదారును వెదకే బాధ్యతను ఆ బోర్డు గోల్డ్‌మన్ శాక్స్, అవెండస్ సంస్థలకు అప్పగించింది. బహిరంగ వేలంలో, 2009 ఏప్రిల్ 13న, షేరుకు 58 రూపాయల చొప్పున టెక్ మహీంద్రా గెలిచింది. వేలాది కుటుంబాల పొయ్యి ఆరిపోలేదు.

ఒకే సంఘటనలో ఈ వృత్తి రెండుసార్లు తన అమానతును నెరవేర్చింది. మొదట, చూసిన దోషాన్ని దాచలేదు. తరువాత, మిగిలిన సొత్తుకు న్యాయమైన ధర తెచ్చింది.

తడిసిన ధాన్యం

మహాప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు మదీనా బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్నది, లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు సంజాయిషీ ఇచ్చాడు. అయితే తడిసినదానిని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తన సమాజానికి చెందడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసును మేము ఏటా విద్యార్థులకు బోధిస్తాము. నేటి బ్యాంకర్లు 'డ్యూ డిలిజెన్స్' అనే పేరుతో చేసేది ఈ పనే. కనుక ఇది ముస్లిం యువకునికి పరాయి విద్య కాదు.

హద్దులు ఎక్కడున్నాయి?

అయితే ఈ మాట విని నిశ్చింతగా ఉండరాదు. అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి వడ్డీని నిషేధించాడని బఖరా సూరా స్పష్టం చేస్తున్నది. వడ్డీ తీసుకునేవాడే కాదు, ఇచ్చేవాడు, పత్రం రాసేవాడు, సాక్షులు కూడా పాపంలో సమానులేనని హదీసు తెలుపుతున్నది. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో వాటాల అమ్మకం పక్కనే వడ్డీ బాండ్ల విభాగం ఉంటుంది. అప్పు తెచ్చి కంపెనీలను కొనే బేరాలూ ఉంటాయి.

ధర్మసమ్మతమైన వ్యాపారం చేసే కంపెనీకి వాటాలు అమ్మిపెట్టడం, విలువ కట్టి సలహా ఇవ్వడం మౌలికంగా వకాలత్‌కు తీసుకునే ప్రతిఫలం. వడ్డీ రుణ పత్రాలు తయారు చేయడం పైన చెప్పిన హెచ్చరిక కిందికి వస్తుంది. ఆన్‌లైన్ జూదం నడిపే కంపెనీకి పెట్టుబడి తెచ్చిపెట్టడం పాపకార్యానికి తోడ్పడటమే. టెక్నాలజీ కంపెనీలలో అనేకం అప్పు మీద కంటే వాటా మూలధనం మీద ఎక్కువగా నడుస్తాయి. కాబట్టి ఇతర రంగాల కంటే ఇక్కడ హలాల్‌కు అవకాశం కొంత విశాలం. కానీ ఒకే బృందానికి అన్ని రకాల పనులూ అప్పగించడం కద్దు. అందుకే చేరకముందే అడగాలి.

మరొక సంగతి. హైదరాబాద్‌లో జేపీ మోర్గాన్, గోల్డ్‌మన్ శాక్స్ వంటి సంస్థల కార్యాలయాలలో ఉద్యోగాలు ఎక్కువగా సాఫ్ట్‌వేర్ నిర్మాణం, రిస్క్ లెక్కింపు, ఖాతాల నిర్వహణ, పరిశోధన వంటివి. ఒకే బోర్డు కింద ఒకరు సైబర్ భద్రత చూస్తారు, మరొకరు రుణాలపై వడ్డీ లెక్కించే ప్రోగ్రాం రాస్తారు. ఇద్దరికీ ఒకే ఫత్వా వర్తించదు. మిశ్రమ ఆదాయం గల సంస్థలో ఉద్యోగం విషయమై ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది. కనుక కేవలం కంపెనీ పేరుతో కాదు, పని వివరాల పత్రంతో ముఫ్తీ గారి వద్దకు వెళ్లండి.

భవిష్యత్తు, దాని మూల్యం

చార్టర్డ్ అకౌంటెన్సీ, ఎంబీఏ, మూడు స్థాయిల సీఎఫ్ఏ పరీక్షలు ఈ రంగానికి ప్రధాన ద్వారాలు. ఇంజనీరింగ్ చదివినవారు సాంకేతిక విభాగాల నుండి ప్రవేశిస్తారు. అనలిస్ట్, అసోసియేట్, వైస్ ప్రెసిడెంట్, డైరెక్టర్, మేనేజింగ్ డైరెక్టర్ అన్నవి మెట్లు. జీతంతోపాటు బోనస్ ఉంటుంది. అయితే బేరాలు తగ్గిన ఏడాది బోనస్ తగ్గుతుంది, ఉద్యోగాలూ పోతాయి. 2008లో లేమన్ బ్రదర్స్ అంతటి సంస్థే కూలిపోయింది. మొదటి జీతానికే పెద్ద ఫ్లాటుకు వడ్డీ రుణం తీసుకున్నవాడు, హలాల్ ఉద్యోగంలో ఉండి కూడా వడ్డీ ఉచ్చులో పడినట్లే.

పని గంటలు మరో పరీక్ష. 2021లో అమెరికాలోని ఒక ప్రసిద్ధ బ్యాంకులో 13 మంది కొత్త అనలిస్టులు తాము వారానికి సగటున 95 గంటలు పనిచేస్తున్నామని వెల్లడించారు. న్యూయార్క్ పగలుతో పనిచేసేవారికి హైదరాబాద్‌లో అది రాత్రి. ఇషా, ఫజ్ర్ నమాజులు, వృద్ధ తల్లిదండ్రుల సేవ, పిల్లల తర్బియత్ ఎలా సాగుతాయో ఇంటిల్లిపాదీ ముందే ఆలోచించాలి.

ఈ విద్యకు మరొక మార్గం కూడా ఉన్నది. మలేషియాలో, గల్ఫ్ దేశాలలో ఇస్లామీ ఆర్థిక వ్యవస్థ పెరిగింది. 1991లో బహ్రెయిన్ కేంద్రంగా నమోదైన ఆయోఫీ సంస్థ షరీఅత్ ఆర్థిక ప్రమాణాలు రూపొందించి, అర్హత పరీక్షలు కూడా నిర్వహిస్తున్నది. కంపెనీ విలువ కట్టగలిగి, ముషారకా నియమాలూ తెలిసినవాని అవసరం అక్కడ ఉంటుంది. మదర్సా విద్యకు, ఫైనాన్స్ విద్యకు నడుమ ఉన్న గోడను కూల్చే బాధ్యత మాలాంటి ఉపాధ్యాయులపై కూడా ఉందని ఒప్పుకుంటున్నాము.

హజ్రత్ యూసుఫ్ (అలై) ఈజిప్టు ధనాగారాల బాధ్యతను కోరినప్పుడు తనలోని రెండు గుణాలనే ముందుంచారు. అవి కాపాడే గుణం, జ్ఞానం. నేటి కార్యాలయాలు జ్ఞానాన్ని పరీక్షలతో కొలుస్తాయి. కాపాడే గుణాన్ని మాత్రం ఇల్లే నేర్పాలి. రాశిలో తడి తగిలినప్పుడు ఆ మాట పైకి చెప్పగల ధైర్యాన్ని అల్లాహ్ మన బిడ్డలకు ప్రసాదించుగాక! ఆమీన్.