కండె పుల్లలు ఎన్నుకొనుట, దాచుకొనుట

మగ్గం బాగోగులు అనగానే మనవారు పన్నె మాట చెప్తారు, నూలు నెంబరు మాట చెప్తారు, నాడె మాట చెప్తారు. నాడె కడుపులో ఉండే కండె పుల్ల మాట మాత్రం ఎత్తరు. కాసు చేయని వస్తువని చులకన. కాని పుల్ల వంకర అయితే పేక మాటిమాటికీ తెగుతుంది. నేసిన బట్టకు కూలి వస్తుంది గాని, తెగిన పోగులు అతికిన పొద్దుకు ఎవరు కూలి ఇస్తారు?

భాల్కి వైపు మన కుటుంబాలకు ఈ సంగతి మరీ ముఖ్యం. 1956లో బీదరు జిల్లా హైదరాబాదు రాష్ట్రం నుండి మైసూరులో చేరినది. 1973లో ఆ రాష్ట్రమే కర్ణాటక అయినది. రాష్ట్రం పేరు మారినా మన ఇండ్లలో పడుగు పడుగే, పేక పేకే. అయితే మగ్గం ఎత్తిపెట్టిన ఇంట అటక మీది కండె పుల్లల గంపే ముందుగా పొయ్యిలోకి పోతుంది. దానిని ఆపవలెనని మా మనవి. ఆ పుల్లలు పక్కింటి నాడెకు సరిపోవచ్చును. ఒకటి రెండు గంపల పుల్లల కోసం తరిమెన పట్టేవానిని వెదకుట ఇప్పుడు తేలిక కాదు.

పాతవైనా కొత్తవైనా చూచి తీసుకోవలెను. ముందుగా మీ నాడెను వెంట తీసుకొని పోండి. నాడెలోని ఊచకు పుల్ల బిగువుగా కూర్చోవలెను. కదిలితే నాడె గోడకు రాచుకుంటుంది, మరీ బిగిస్తే మొదలు చీలుతుంది. తరువాత పుల్లను రాట్నం కదురుకు తొడిగి ఒకసారి త్రిప్పండి. కొన వణికితే అది వంకర పుల్ల. దానిపై నూలు ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా చుట్టుకుంటుంది. మూడవది నునుపు. ఇంత దూది తీసుకొని పుల్ల పొడవునా రాయండి. ఒక్క పీచు చిక్కినా నూలూ అక్కడే చిక్కుతుంది. గరుకు కాగితంతో తీసి, మైనం రుద్దితే చాలావరకు బాగుపడుతుంది. పచ్చి కర్ర పుల్ల మాత్రం ఎంత నున్నగా ఉన్నా కొనవద్దు. వానాకాలానికి తప్పక వంగుతుంది.

ప్లాస్టిక్ పుల్లలు చవక, తడికి ఉబ్బవు. కాని మరీ నున్నటివైతే చుట్టలు గుత్తుగా జారి బట్టలో ఉండ పడుతుంది. మొదట గాడులు ఉన్నవి చూచి కొనండి. ఎండలో పెట్టవద్దు.

బరువు సంగతి లేసు అల్లేవారిని చూస్తే బాగా తెలుస్తుంది. మన నరసాపురం లేసు కొక్కెం సూదితో అల్లేది, అందులో బాబిన్లు లేవు. ఇంగ్లండు, బెల్జియం దేశాలలో దిండు మీద గుండుసూదులు గ్రుచ్చి, పోగు చుట్టిన చిన్న బాబిన్లను జతలుగా వ్రేలాడదీసి అల్లే పద్ధతి ఒకటి ఉన్నది. పోగు బిగువు అంతా బాబిను బరువు వల్లనే. కావున జతలో రెండూ సమానంగా తూగవలెను. ఇంగ్లండు నడిమి జిల్లాలలో బాబిను కొనకు గాజు పూసలు కట్టి బరువు తెస్తారు, దొర్లకుండా కూడా అవి ఆపుతవి. హోనిటన్ ఊరి పద్ధతిలో బాబిను సన్నటి మొన గలది, పూసలుండవు. అల్లిన ఉచ్చులోంచి దూర్చవలెను గదా! అక్కడ పేర్లు చెక్కిన పాత ఎముక బాబిన్లను ముచ్చటగా ఏరి దాచేవారున్నారు. మనకు ముచ్చటకు కాదు, పనికి కావలెను.

మన నాడెకూ అదే లెక్క. ఒక పుల్ల బరువు, ఒక పుల్ల తేలిక అయితే కండె మార్చినప్పుడల్లా నాడె పోకడ మారుతుంది, చేతి ఊపు దారి తప్పుతుంది. అందుచేత ఒక మగ్గానికి ఒకే జాతి పుల్లలు ఉంచండి.

ఇక చుట్టేవారి మాట. కండెలు పట్టేది ఇంటి ఆడవారు, ముసలివారు. చాలా ఇండ్లలో ఆ పనికి వేరే కూలి లెక్క లేదు. వంకర పుల్ల ఇచ్చి, పోగు తెగినప్పుడు వారిని కసురుకొనుట న్యాయం కాదు. పుల్లలు కొనేటప్పుడు వారినే వెంట తీసుకొని పోవుట మేలని మా అభిప్రాయం. ఏ పుల్ల మీద వ్రేలు తగులుతుందో వారికి తెలిసినట్లు మనకు తెలియదు. చుట్టేటప్పుడు మొదటినుండి కొనవైపు కొంచెం కొంచెంగా ఏటవాలుగా ఎక్కించి, కొన కాస్త వదలివేయవలెను.

మిగిలిన పుల్లలను కొలత ప్రకారం వేరు చేసి, గుడ్డ సంచిలో వేపాకు వేసి, నేల తేమ తగలని చోట వ్రేలాడదీయండి. ఏ నాడెవో సంచి మీద వ్రాయండి.