నీళ్లు తగ్గాయి, అక్వేరియం మొక్క పూసింది

మాది ఎన్టీఆర్ జిల్లా రెడ్డిగూడెం. మా ఊరి పేరు చెబితే ఎవరికైనా మామిడి తోటలే గుర్తొస్తాయి. నాకూ నాలుగెకరాల తోట ఉంది. బంగినపల్లి, రసాలు, కొంచెం కలెక్టరు. ఈసారి మాత్రం మామిడి చెట్టు కింద పెట్టిన తొట్టి గురించి చెబుతాను. పై వీడియోలో గులాబీ రంగు కంకులతో కనబడేది అక్వేరియంలో పెంచే రోటాలా మొక్క. అద్దాల పెట్టెలో మునిగి ఉన్నన్నాళ్లూ అది ఒక్క పువ్వు కూడా పూయలేదు.

ఎలా మొదలైంది

మా అమ్మాయి చిన్న అక్వేరియం పెట్టుకుంది. అందులో రంగు రొయ్యలు పెంచేది. ఒకరోజు కొత్తగా కొన్న మొక్కలు పెట్టింది. తెల్లారేసరికి రొయ్యలన్నీ అడుగున చచ్చి పడున్నాయి. ఆ మొక్కల మీద పురుగుమందు ఉందని నేను రుజువు చెయ్యలేను. కానీ మందు ఏ కొంచెం తగిలినా రొయ్య తట్టుకోలేదని మీకు నేను చెప్పక్కర్లేదు. పిల్ల రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "నాన్నా, మన తోటలో మందు కొట్టం కదా, మొక్కలు మనమే పెంచుకుందాం" అంది.

పాత సిమెంటు తొట్టిలో చెరువు మట్టి వేసి, నిండా నీళ్లు పోసి, ఎప్పటినుంచో మా దగ్గరున్న రోటాలా కొమ్మలు నాటాం. వారం వారం జీవామృతం పోశాను. ఆకు ఏపుగా వచ్చింది. విజయవాడలో ఒక దుకాణాయన, మందు తగలని మొక్కలైతే నేను తీసుకుంటానన్నాడు. కానీ ఏ పేరుతో అమ్మాలి? మేం కొన్నప్పుడు రోటాలా ఇండికా అన్నారు. నిజానికి రోటాలా రొటుండిఫోలియాను చాలా ఏళ్లు ఇండికా పేరుతోనే అమ్మారు. ఆకు చూసి తేడా చెప్పడం కష్టం, పువ్వు చూస్తే తేలిక. ఇండికాకు ఆకు మొదట్లో ఒక్కో పువ్వు వస్తుంది. రొటుండిఫోలియాకు కొమ్మ చివర కంకిలా పూస్తుంది. మాకు పువ్వే రావడం లేదాయె!

మోటారు కాలిన పన్నెండు రోజులు

జనవరిలో బోరు మోటారు కాలిపోయింది. మళ్లీ కట్టించి బిగించేసరికి పన్నెండు రోజులు పట్టింది. తోటకు అప్పటికే నీళ్లు ఆపాం కాబట్టి దిగుల్లేదు. తొట్టిలో మాత్రం నీళ్లు జానెడు దిగిపోయాయి. ఇక మొక్కలు పోయినట్టే అనుకున్నా. వెళ్లి చూస్తే కొమ్మలు నీటిపైకి నిటారుగా లేచాయి. ఆకులు గుండ్రంగా, గట్టిగా మారాయి. తర్వాత కొద్దిరోజులకే కొమ్మల చివర గులాబీ కంకులు! మాది రొటుండిఫోలియా అని తేలిపోయింది.

అప్పుడు మా నాన్న మాట గుర్తొచ్చింది. దసరా దాటాక మామిడికి నీళ్లు పెట్టనిచ్చేవాడు కాదు. నీళ్లిస్తే చిగురేస్తుంది, పూత రాదు అనేవాడు. ఇప్పుడు కొందరు పూత కోసం పాక్లోబ్యుట్రజాల్ పోస్తున్నారు. అది నేలలో చాలాకాలం ఉండిపోతుంది. మామిడికీ నీటి మొక్కకూ లోపల జరిగేది ఒకటే అని నేననను. కానీ పూత రావాలంటే ఏదో ఒకటి పొయ్యాలన్న తొందర రెండుచోట్లా తప్పే.

నీటిపైన ఎందుకు పూస్తాయి

అక్వేరియంలో పెంచే మొక్కల్లో చాలావాటికి పుట్టిల్లు వాగు ఒడ్డు, వరిమడి, చిత్తడి నేల. వానాకాలం మునుగుతాయి, నీళ్లు తీశాక గాలిలో పూస్తాయి. పురుగులు వాలి పరాగం మోయాలంటే పువ్వు నీటిపైన ఉండాలి కదా. గాలిలో కంటే నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. అందుకే బయటికొచ్చిన మొక్క బలంగా పెరుగుతుంది, ఆకుకు పాచి పట్టదు. డెన్మార్క్‌లోని ట్రోపికా వంటి పెద్ద నర్సరీలు కూడా చాలా రకాలను నీటిపైనే పెంచుతాయి. మన వాగుల్లో ఉండే క్రిప్టోకొరైన్ రెట్రోస్పైరాలిస్ కూడా నీళ్లు తగ్గినప్పుడే పూస్తుంది.

మా పద్ధతి

1. థర్మోకోల్ పెట్టెలో నాలుగు అంగుళాల మట్టి వెయ్యాలి. రెండు పాళ్లు చెరువు మట్టి, ఒక పాలు ఇసుక, గుప్పెడు జల్లించిన ఘనజీవామృతం.
2. నీళ్లు మట్టితో సమానంగా ఉంటే చాలు. పైన నిలవ ఉంటే దోమలు పెడతాయి.
3. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు కప్పి నీడలో పెట్టాలి. మొదటిసారి నేను కప్పకుండా ఎండలో పెట్టాను. మధ్యాహ్నానికే వడిలి చచ్చాయి. నీళ్లలో పెరిగిన ఆకు పల్చన, తేమను పట్టి ఉంచుకోలేదు.
4. పాత ఆకులు కుళ్లినా మొక్క పీకొద్దు. మాకు పది పదిహేను రోజుల్లో కొత్త ఆకు వచ్చింది. అప్పటినుంచి కవరు రోజూ కాస్త కాస్త తెరుస్తూ, మూడు వారాల్లో పూర్తిగా తీసేశాం.
5. వడగట్టిన జీవామృతం లీటరుకు 20 లీటర్ల నీళ్లు కలిపి, పదిహేను రోజులకోసారి మట్టికి మాత్రమే పోస్తాం. మొగ్గ కనబడితే ఆపేస్తాం. ఆకుల మీద కషాయాలు కొట్టం. వేప కూడా చేపలకు మంచిది కాదు.

రోటాలా, నీరుబ్రాహ్మి, వాటర్ విస్టీరియా ఇలా బాగా వచ్చాయి. విస్టీరియా ఆకు నీళ్లలో ఈకలా చీలి ఉంటుంది, బయట మామూలు ఆకులా మారుతుంది. హైడ్రిల్లా, వాలిస్నేరియాలను మాత్రం బయటికి తియ్యొద్దు, చచ్చిపోతాయి. వాలిస్నేరియా ఆడపువ్వు సన్నని కాడతో నీటిపైకి వస్తే, మగపువ్వులు తెగి తేలుతూ దాని దగ్గరికి చేరతాయి. దాని దారి వేరు.

రెండు జాగ్రత్తలు

అమ్మేటప్పుడు, ఇవి నీటిపైన పెరిగినవని చెప్పండి. మళ్లీ నీళ్లలో పెడితే పాత ఆకు రాలి కొత్త ఆకు వస్తుంది. అది తెలియకపోతే కొన్నవాళ్లు మోసం అనుకుంటారు. రెండోది, మిగిలిన మొక్కల్ని చెరువులోనో కాలవలోనో పారెయ్యకండి, ఎండబెట్టి కంపోస్టులో వెయ్యండి. గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు పువ్వు అందంగా ఉందని తెచ్చుకున్న మొక్కే. కొల్లేరు వైపు వెళ్లినవాళ్లకు దాని సంగతి తెలుసు.

మా అమ్మాయి మళ్లీ రొయ్యలు తెచ్చుకుంది. మా మొక్కలే వేసింది. ఇప్పుడు పిల్లలు కూడా పెట్టాయి. దుకాణాయనకు మొదటి పెట్టె సరైన పేరు రాసి పంపించాం. డబ్బు ఎక్కువేం కాదు, మోటారు మరమ్మతు ఖర్చులో సగం కూడా రాలేదు. కానీ మీ గట్టు మీద కలుపని పీకేసే నీరుబ్రాహ్మిని ఈసారి ఒక్క కొమ్మ తొట్టిలో పెట్టి చూడండి. పువ్వు వస్తే ఫోటో పంపండి.