గుడ్డుకు కొమ్మ, మిల్లుకు కర్ర

కలప కోసం చెట్టును నరకడం, ఆ చెట్టునే నమ్ముకున్న పక్షిని బతికించడం అనే రెండు పనులు ఒకే అడవిలో సాగుతాయా అన్న వివాదం గత నలభై ఏళ్లలో అమెరికా పశ్చిమ తీరంలోని వాషింగ్టన్, ఒరెగాన్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో రగిలినంతగా మరెక్కడా రగల్లేదేమో. ఆ వివాదంలో చిక్కుకున్న పక్షుల్లో ఒకటి సముద్రపక్షి కావడం, అది గుడ్డు పెట్టే చోటు సముద్రానికి పదుల కిలోమీటర్ల దూరంలోని చెట్టు కొమ్మ కావడం ఇందులోని విచిత్రం. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, అంటే 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన నందిగామ, జగ్గయ్యపేటల చుట్టుపక్కల, అలాంటి పక్షీ లేదు, అలాంటి అడవీ లేదు. అయినా ఆ వివాదంలో సగమైన ప్రశ్నకు, అంటే అడవిని ముట్టకుండా మిల్లుకు కర్ర ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు, ఇక్కడి రైతులు సుబాబుల్ తోటల రూపంలో ఒక జవాబు ఇచ్చారు. ఆ జవాబు విలువ తెలియాలంటే ముందు పక్షి సంగతి తెలియాలి.

పక్షి పేరు మార్బుల్డ్ మర్రెలెట్. ఆక్ అనే సముద్రపక్షుల కుటుంబానికి చెందిన ఇది పావురం కంటే చిన్నది. పొడవు పాతిక సెంటీమీటర్లు, బరువు సుమారు 220 గ్రాములు. చలికాలంలో నలుపు తెలుపు రంగుల్లో ఉండి, గుడ్లు పెట్టే కాలానికి ఒళ్లంతా గోధుమరంగు మచ్చలు తొడుక్కుంటుంది; పాలరాతి చారల్లా కనిపించే ఆ మచ్చల వల్లే దానికా పేరు వచ్చింది. అలాస్కా నుంచి మధ్య కాలిఫోర్నియా దాకా తీరానికి దగ్గరి నీళ్లలో మునిగి, రెక్కలనే తెడ్లుగా వాడుతూ చిన్న చేపలను పట్టుకుని బతుకుతుంది. దీని బంధువులైన తక్కిన ఆక్ పక్షుల్లో చాలావరకు దీవుల మీద, కొండ చరియల మీద గుంపులు గుంపులుగా గుడ్లు పెడతాయి గనుక వాటి చోట్లు నావికులకు ఏనాడో తెలుసు. మర్రెలెట్ గూడు మాత్రం ఎవరికీ దొరకలేదు. శాస్త్రజ్ఞులు 1789లోనే దీనికి లాటిన్ పేరు పెట్టినా, ఉత్తర అమెరికాలో దీని మొదటి గూడు కంటబడింది 1974లో. కాలిఫోర్నియాలోని బిగ్ బేసిన్ రెడ్‌వుడ్స్ పార్కులో కొమ్మలు కత్తిరించడానికి డగ్లస్ ఫర్ అనే మహావృక్షాన్ని ఎక్కిన పనివాడికి, నేల నుంచి సుమారు 45 మీటర్ల ఎత్తున, నాచు పరుచుకున్న కొమ్మ మీద ఒక పిల్ల కనిపించింది. తెల్లవారుజామున మంచులో కూస్తూ పోయే ఈ పక్షిని కలప కొట్టేవాళ్లు అంతకుముందే ఎరుగుదురు, దానిని మంచు భరతపక్షి అన్న అర్థం వచ్చే ముద్దుపేరుతో పిలిచేవారు కూడా. తాము పడగొడుతున్నది దాని పురుటిల్లని మాత్రం వారికి తెలియదు.

గూడు అనడం కూడా మర్యాదకే, ఎందుకంటే ఈ పక్షి పుల్లలు ఏరదు, పేడు అల్లదు. మనిషి అరచేయంత, లేదా అంతకు మించి వెడల్పున్న కొమ్మ మీద దట్టంగా పెరిగిన నాచులో చిన్న గుంట చేసి ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. తల్లీ తండ్రీ రోజు మార్చి రోజు వంతున నెల్లాళ్లు పొదుగుతాయి. పిల్ల పుట్టాక ఉదయం సంధ్యలో, సాయం సంధ్యలో సముద్రం నుంచి గంటకు వంద కిలోమీటర్లకు చేరే వేగంతో వచ్చి, నోట కరుచుకున్న ఒక్క చేపను అందించి వెళ్తాయి. అంత లావు కొమ్మ, దాని మీద అంత మందం నాచు, పైన ఎండా వానా గద్దల చూపూ తగలకుండా ఇంకో కొమ్మ గొడుగు, ఇవన్నీ ఒకచోట కుదరాలంటే చెట్టుకు సాధారణంగా నూట యాభై, రెండు వందల ఏళ్ల వయసు కావాలి. ఇలాంటి ముసలి చెట్లున్న, ఏనాడూ గొడ్డలి పడని అడవిని అక్కడివారు పాత అడవి అంటారు. కలప వ్యాపారి దృష్టిలో ఎక్కువ ధర పలికేదీ ఆ పాత అడవే, ఎందుకంటే లావుపాటి మాను నుంచి వచ్చే చేవ, ముడులు లేని పలక, లేత చెట్టులో రావు. వివాదానికి మూలం ఇంతే: పక్షికీ, కోత మిల్లుకూ కావలసినది ఒకే చెట్టు.

నరికిన మేర మాత్రమే నష్టమనుకుంటే లెక్క తేలికయ్యేది. పాత అడవిని ముక్కలు ముక్కలుగా వదిలినప్పుడు ప్రతి ముక్కకూ కొత్త అంచు పుడుతుంది. ఆ అంచుల వెంట కాకి జాతికి చెందిన జే పక్షులూ, మాలకాకులూ పెరిగి మర్రెలెట్ గుడ్లను తినేస్తాయి. కాలిఫోర్నియా పార్కుల్లో యాత్రికులు పారేసిన రొట్టె తుంపులకు జేలు మరిగి, ఆ చుట్టుపక్కల గుడ్లకు ముప్పు పెరగడంతో, బల్ల మీద ఒక్క మెతుకు కూడా వదలవద్దని యాత్రికులను కోరే ప్రచారాన్ని పార్కు అధికారులు నడపవలసి వచ్చింది. వీటికి తోడు సముద్రంలో వలల్లో చిక్కుకుని చావడం, 1989లో అలాస్కా తీరంలో ఎక్సన్ వాల్దీజ్ ఓడ నుంచి కారిన చమురు వంటి ప్రమాదాలు, వేడెక్కిన నీళ్లలో చేపలు తగ్గడం కూడా ఉన్నాయి గనుక, పక్షి తగ్గుదల మొత్తాన్ని గొడ్డలి ఖాతాలోనే వేయడం న్యాయం కాదు.

1990లో ఇదే వివాదంలో చిక్కుకున్న మరో పక్షి అయిన ఉత్తర మచ్చల గుడ్లగూబ, 1992లో మర్రెలెట్ అమెరికా సమాఖ్య ప్రభుత్వపు ముప్పులో ఉన్న జీవుల జాబితాకు ఎక్కాయి. కోర్టులు ప్రభుత్వ అడవుల్లో కలప వేలాలను ఆపాయి, కలప పట్టణాల్లో నిరసనలు పెరిగాయి, 1993 ఏప్రిల్‌లో అధ్యక్షుడు క్లింటన్ స్వయంగా పోర్ట్‌లండ్‌కు వచ్చి ఇరుపక్షాల వాదనలూ విన్నాడు. 1994లో వెలువడిన వాయవ్య అటవీ ప్రణాళిక మూడు రాష్ట్రాల్లోని సుమారు రెండున్నర కోట్ల ఎకరాల సమాఖ్య భూములకు కొత్త నియమాలు పెట్టింది. మర్రెలెట్ విషయంలో ఆ నియమం ఇలా ఉంటుంది: నరకదలచిన చోట తెల్లవారుజామున మనుషులు నిలబడి పక్షి రాకపోకలను రెండేళ్ల పాటు గమనించాలి, అది అక్కడ కాపురం ఉన్నట్టు తేలితే చుట్టూ అర మైలు మేర దానికి పనికివచ్చే అడవిని వదిలేయాలి. మొత్తం మీద సమాఖ్య అడవుల నుంచి వచ్చే కలప 1980ల చివరి నాటితో పోలిస్తే ఎనభై శాతానికి పైగా పడిపోయింది. పనులు పోయిన ఊళ్లకు అయిదేళ్లలో 120 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. యంత్రాలు వచ్చి కూలీలను తగ్గించడం, పచ్చి దుంగలను విదేశాలకు ఎగుమతి చేయడం అంతకుముందే ఆ ఊళ్ల ఉపాధిని తినడం మొదలుపెట్టినా, నింద మాత్రం పక్షి మీద పడింది. నోరులేని దాని మీద తోయడం సులభం కదా.

ఈ వ్యవహారంలో తెలుగు పాఠకుడికి చప్పున అర్థమయ్యే భాగం బడుల సంగతి. దేవుడి గుడిలో దీపం వెలగడానికి మాన్యం రాసినట్టే, ఆ రాష్ట్రాలు ఏర్పడిన నాడు బడుల ఖర్చు కోసం కొంత భూమిని విడిగా కేటాయించారు. దాని మీది కలప అమ్మగా వచ్చిన డబ్బు బడులకే చెందాలి. మాన్యం భూమి మీద చెట్టును వదిలేయమని చెప్పడమంటే దీపానికి నూనె తగ్గించమనడమే గనుక, ధర్మకర్త అయిన ప్రభుత్వం ఎటూ తేల్చుకోలేని స్థితిలో పడింది. ఒరెగాన్‌లోని ఎలియట్ అడవి విషయంలో 2012లో పర్యావరణ సంఘాలు మర్రెలెట్ తరఫున దావా వేయగా, వేలాలు ఆగి, ఆదాయం ఇవ్వవలసిన అడవి నష్టాల్లోకి దిగింది. 2017 ఫిబ్రవరిలో దానిని అమ్మేయడానికి మొగ్గిన రాష్ట్ర భూమి మండలి ప్రజల వ్యతిరేకత చూసి మూడు నెలల్లోనే వెనక్కి తగ్గింది. చివరికి రాష్ట్రమే రెండు విడతల్లో 22 కోట్ల 10 లక్షల డాలర్లు బడుల నిధికి చెల్లించి ఆ అడవిని మాన్యం నుంచి విడిపించింది. ఈ తగాదాలన్నింటిలోకీ నిజాయితీ గల పరిష్కారం ఇదే అనిపిస్తుంది, ఎందుకంటే పక్షిని కాపాడాలని కోరిన సమాజం దాని ఖరీదును బడిపిల్లల నెత్తిన వేయకుండా తానే కట్టింది. ప్రైవేటు భూమిలో ఇదే తీరు 1999లో కనిపిస్తుంది: కాలిఫోర్నియాలోని హెడ్‌వాటర్స్ అనే రెడ్‌వుడ్ అడవిలో సుమారు 7,400 ఎకరాలను ప్రభుత్వాలు 38 కోట్ల డాలర్లు పోసి కలప కంపెనీ నుంచి కొన్నాయి. వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 2022లో ఇచ్చిన తీర్పు ఇంకో మెట్టు ముందుకు వెళ్లి, ధర్మకర్త ప్రతిసారీ అత్యధిక ఆదాయాన్నే చూడాలన్న నిబంధన ఏదీ లేదని చెప్పింది.

ఇంత చేసినా మూడు రాష్ట్రాల్లో కలిపి మర్రెలెట్‌లు సుమారు ఇరవై వేలే ఉన్నాయి. వాషింగ్టన్‌లో వాటి తగ్గుదల ఆగనే లేదు. వాషింగ్టన్ 2016లోనూ, ఒరెగాన్ 2021లోనూ దానిని ముప్పు స్థాయి నుంచి అంతరించే ప్రమాదపు స్థాయికి మార్చాయి. 1994 ప్రణాళిక కింద పెరగడానికి వదిలిన లేత చెట్లలో గుడ్డు నిలిచే కొమ్మ రావాలంటే ఇంకా నూరేళ్లు పడుతుంది, ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే జీవికి ఆ నూరేళ్లు చాలా పెద్ద గడువు.

పాత అడవి నుంచి రాని కలప మరో చోటి నుంచి రావాలి, ఎందుకంటే పుస్తకాలూ, అట్టపెట్టెలూ, ఇళ్ల వాసాలూ ఎవరూ మానుకోలేదు. భారతదేశం ఈ ప్రశ్నకు 1988 జాతీయ అటవీ విధానంలో స్పష్టమైన జవాబు రాసుకుంది: అడవి ఆధారిత పరిశ్రమలు తమకు కావలసిన ముడిసరుకును వీలైనంతవరకు రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని పండించుకోవాలి, అడవి సరుకును చౌకధరకు మిల్లులకు కట్టబెట్టే పాత పద్ధతి పోవాలి. అంతకుముందు దశాబ్దాల్లో కాగితపు మిల్లులు ఎక్కువగా అడవి వెదురు మీద ఆధారపడేవి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, ఆమోదం పొందిన ప్రణాళిక లేకుండా ఏ అడవిలోనూ చెట్టు నరకరాదని ఆదేశించడంతో మిల్లులకు రైతు చేను తప్ప దారి లేకపోయింది.

ఆ చేలు ఆంధ్రప్రదేశ్‌లో ప్రధానంగా ఉన్న చోట్లలో నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం ఒకటి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి భూములు కావడం వల్ల నీరు వచ్చిన ఏడు వచ్చినట్టు, రాని ఏడు రానట్టు ఉండే ఈ మెట్టలో, పత్తి, మిర్చి పెట్టుబడులతో అలసిన రైతుకు సుబాబుల్ వరంలా కనిపించింది. మెక్సికో ప్రాంతం నుంచి వచ్చిన ఈ చెట్టును మన దేశంలో 1970లు, 80లలో పశువుల మేతకూ వంటచెరకుకూ ప్రచారం చేశారు; కాగితపు గుజ్జుకు, అంటే కర్రను ముక్కలు చేసి రసాయనాలతో ఉడికించి తీసే నార ముద్దకు, పనికివస్తుందని తేలాక దాని దశ మారింది. మూడు నాలుగేళ్లలో కోతకు వస్తుంది, నరికిన మోడు నుంచి మళ్లీ పిలకలు వేస్తుంది, పప్పుజాతి చెట్టు గనుక నత్రజనిని నేలలో నిలుపుతుంది, రోజూ కనిపెట్టుకుని ఉండవలసిన పని లేదు. భద్రాచలం దగ్గర సారపాకలోనూ, రాజమహేంద్రవరంలోనూ ఉన్న పెద్ద మిల్లులకు ఇలా మెట్ట చేల నుంచి సుబాబుల్, జామాయిల్ కర్ర లారీల మీద వెళ్తుంది.

సుబాబుల్ తోటను అడవి అనకూడదు. నాలుగేళ్లకు నేలమట్టమయ్యే చెట్టుకు తొర్ర రాదు, నాచు పట్టదు, పెద్ద పక్షి బరువు మోసే కొమ్మ రాదు; పైగా దాని గింజ కాలువ గట్ల మీదా, పోరంబోకుల్లోనూ పడి స్థానిక మొక్కలను తొక్కేస్తుంది కూడా. చెట్టున్న ప్రతి చోటూ పక్షికి ఇల్లు కాదన్న సంగతి మన తీర జిల్లాల గూడబాతులే చెబుతాయి. కొల్లేరు దగ్గర 1946లో నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు గుర్తించిన, దాదాపు మూడు వేల గూడబాతుల కాలనీ 1970ల మధ్యకల్లా మాయమైపోగా, గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో మాత్రం సర్కారు తుమ్మల మీద అవే పక్షులు, ఊరివాళ్ల ఆదరణ నమ్ముకుని, పిల్లలను లేపుతున్నాయి. కలప చెట్టుకు ఉండవలసిన గుణాలు వేరు, గూటి చెట్టుకు ఉండవలసినవి వేరు. రెండింటినీ ఒకే చెట్టులో వెతకడం కంటే, మొదటిదాన్ని చేనులో పెంచి రెండోదాన్ని ఉన్నచోట వదలడం మేలు. ఈ పనిలో మెట్ట రైతు తెలిసి చేసినా తెలియక చేసినా, అతడు పంపిన ప్రతి టన్ను కర్ర మిల్లు చూపును అడవి నుంచి మళ్లిస్తూనే ఉంది.

తడబాటంతా ధర దగ్గర వచ్చింది. మార్కెట్ కమిటీల పర్యవేక్షణలో కంపెనీలు, రైతులు, ప్రభుత్వం కలిసి టన్ను ధర ఒప్పుకునే పద్ధతి ఉన్నా, కోతకూ లారీకీ కూలికీ పోయిన తరువాత రైతు చేతికి ఏమి మిగులుతుందన్నది మధ్యలో నిలిచే దళారిని బట్టీ, ఆ ఏడు మిల్లుల అవసరాన్ని బట్టీ మారుతూ వచ్చింది. మిర్చి రైతు ధర పడితే మరుసటి ఏడు పంట మార్చుకుంటాడు. నాలుగేళ్లు ఎదురుచూసిన సుబాబుల్ రైతుకు ఆ అవకాశం లేదు, మోడు తీయించి చేను బాగుచేయాలన్నా మళ్లీ ఖర్చే. ధర కుదేలైన ఏళ్లలో టన్నుకు గిట్టుబాటు కోసం నందిగామ ప్రాంతంలో రైతులు రోడ్డెక్కారు, కొందరు తోటలు పీకేసి మళ్లీ పత్తికి వెళ్లారు. ఒరెగాన్ తన బడుల నిధికి కట్టిన సొమ్ముకు సమానమైనది ఇక్కడ టన్ను కర్రకు ఇచ్చే గిట్టుబాటు ధరే; అడవిని మిల్లు నుంచి కాపాడిన ఖరీదు నల్లరేగడి రైతు ఒక్కడే భరించవలసినది కాదు. కనుక మిల్లులూ, మార్కెటింగ్ శాఖా సుబాబుల్ ధర మీద కూర్చునే సమావేశాలను కోత కాలంలో కాక మొక్క నాటే కాలంలోనే పెట్టి, ఆ నాలుగేళ్లకూ కట్టుబడే కనీస ధరను రైతు చేతికి కాగితం మీద ఇవ్వాలి.